మోయాబ్ బాటలలో ఏ దిగుడును ఎంచుకోవాలి?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న మోయాబ్‌కు కొండబాటల సైకిలింగు కోసం వెళ్ళేవారిలో చాలామంది చేతిలో ఉండేది ఒకే ఒక రోజు. సాల్ట్ లేక్ సిటీ నుంచి సుమారు నాలుగు గంటలు, డెన్వర్ నుంచి ఆరు గంటల దాకా కారులో ప్రయాణించి వచ్చి, ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ జాతీయ ఉద్యానవనాలను కుటుంబంతో కలిసి చూసి, మిగిలిన ఒక్క పూటను సైకిలుకు వదిలిపెట్టమని ఇంట్లో ముందే మాట తీసుకోవడం అక్కడి తెలుగు కుటుంబాలలో నాకు బాగా పరిచయమైన ఏర్పాటు. ఆ పూటకు పోటీపడే బాటలు ప్రధానంగా మూడు: స్లిక్‌రాక్, క్యాప్టెన్ ఎహాబ్, పోర్క్యుపైన్ రిమ్. మూడోదానికి మరింత ఎత్తునుంచి మొదలయ్యే పొడవైన రూపం ఒకటి ఉంది. దానిని హోల్ ఎంచిలాడా అంటారు. ఊళ్ళో చదును బాటల మీద, నీలం గుర్తు ఉన్న మధ్యస్థాయి బాటల మీద కొంతకాలం తిరిగి, ఇప్పుడు రాతి మెట్ల మీదుగా సాగే అసలైన దిగుడును ఒకసారి రుచి చూడాలనుకొనేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ పోలికను రాస్తున్నాను.

ఈ మూడింటిలో దేని అందానికీ లోటు లేదు కనుక దృశ్యాన్ని బట్టి ఎంచుకోబోతే ఎంపిక తేలదు. ఎన్ని వేల అడుగులు దిగుతామన్న లెక్క మీద ఎంచుకొనేవారు చాలామంది ఉన్నారు. వారు నేరుగా హోల్ ఎంచిలాడాకు, సైకిళ్ళతో సహా కొండమీదికి చేర్చే షటిల్ వాహనంలో సీటు తీసుకుంటారు. నా అనుభవంలో చూడవలసిన లెక్క వేరు. బాటలో అన్నిటికంటె కష్టమైన చోటు ఎప్పుడు వస్తుంది, అది వచ్చేసరికి మన ముంజేతులలో ఎంత పట్టు, మనసులో ఎంత నిలకడ మిగిలి ఉంటాయి, అక్కడ ధైర్యం చాలకపోతే వెనక్కి రావడానికి దారి ఉందా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఈ మూడు బాటలలో మూడు విధాలుగా ఉంటాయి.

ముందుగా రాయి సంగతి

మోయాబ్ చుట్టూ ఉన్న కొండలలో పైనుంచి కిందికి నవాహో, కయెంటా, వింగేట్ అనే మూడు రాతి పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వీటి స్వభావం తెలిస్తే బాటల స్వభావం సగం తెలిసినట్టే. నవాహో ఇసుకరాయి ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడినది. అందువల్ల అది గుండ్రని బోర్లించిన గిన్నెల్లాగా, అలల్లాగా ఉంటుంది. దాని కింది కయెంటా పొర పాతకాలపు నదులు పరిచిన ఇసుక, ఒండ్రు. గట్టి పొర, మెత్తటి పొర మార్చి మార్చి ఉండటం వల్ల మెత్తటిది ముందు అరిగిపోయి గట్టిది అంచులా పొడుచుకొని మిగులుతుంది. అలా ఏర్పడినవే జానెడు నుంచి నడుమెత్తు దాకా ఉండే పలక అంచుల రాతి మెట్లు. అన్నిటికంటె కింద ఉన్న వింగేట్ నిలువుగా చీలి, వందల అడుగుల ఎత్తున్న గోడలుగా నిలబడుతుంది. గండికోట అంచున నిలబడి కింద పెన్నను చూసినవారికి ఆ నిలువు గోడ ఇచ్చే గగుర్పాటు తెలుసు. ఇక్కడ అటువంటి అంచు పక్కనే సైకిలు చక్రం నడుస్తుంది.

స్లిక్‌రాక్ బాట నవాహో రాతి మీద ఉంది. పోర్క్యుపైన్ రిమ్, క్యాప్టెన్ ఎహాబ్ బాటల కష్టంలో అధికభాగం కయెంటా మెట్ల వల్ల వచ్చేది. అలల మీద దిగడానికి, మెట్ల మీద దిగడానికి కావలసిన నేర్పులు వేరు. అలమీద బరువు వెనక్కి ఉంచి, బ్రేకును సమంగా పట్టి వదిలితే సైకిలు దానంతటది జారుతుంది. మెట్టు దగ్గర అలా కుదరదు. ముందు చక్రం గాలిలోకి వెళ్ళే క్షణంలో ముందు బ్రేకు వదలాలి, మడమలు కిందికి నొక్కాలి, చూపు రెండో మెట్టు మీద ఉండాలి. వీటిలో ఏది తప్పినా హ్యాండిల్ మీదుగా ముందుకు పడిపోవడం జరుగుతుంది.

స్లిక్‌రాక్

పేరుకు నునుపు రాయి అయినా ఈ రాయి జారేది కాదు. గుర్రాల ఇనుప నాడాలు దీనిమీద జారేవి కనుక ఆ పేరు వచ్చింది. రబ్బరు టైరుకు మాత్రం ఉప్పు కాగితంలా పట్టు ఇస్తుంది. 1969లో మోటారు సైకిళ్ళ కోసం గుర్తించిన బాట ఇది. ఇప్పటికీ మోటారు సైకిళ్ళు దీనిమీద తిరుగుతాయి. మట్టిబాట ఉండదు, రాతి మీద వేసిన తెల్లటి రంగు గీతలను అనుసరించి సుమారు పది మైళ్ళ చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాము.

ఈ బాటను తేలికైనదిగా భావించడం పొరపాటు. నిలువుకు దగ్గరగా కనిపించే ఎక్కుళ్ళు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి. అన్నిటికంటె చిన్న గేరు వేసి, ఛాతీని హ్యాండిల్‌కు దగ్గరగా వంచి తొక్కకపోతే ముందు చక్రం లేచిపోతుంది. అయినా, పొడవైన దిగుడు కోసం వచ్చినవారిని ఇది తృప్తిపరచదు, ఎందుకంటే ఇక్కడ దిగిన ప్రతి నూరు అడుగులను మళ్ళీ వెంటనే ఎక్కవలసి వస్తుంది. కాళ్ళలో శక్తి ఉండి, రాతి మెట్ల అలవాటు బొత్తిగా లేనివారికి, ఎత్తైన అంచు పక్కన తలతిరిగే స్వభావం ఉన్నవారికి దీనిని సూచిస్తాను. రెండు మైళ్ళకు కొద్దిగా మించిన చిన్న అభ్యాసపు చుట్టు ఒకటి మొదట్లోనే ఉంది. ఎవరు ఏ బాటకు వెళ్ళబోతున్నా, ముందురోజు సాయంత్రం అక్కడ ఒక గంట గడిపితే అద్దె సైకిలు చేతికి అలవాటవుతుంది.

క్యాప్టెన్ ఎహాబ్

ఊరికి నైరుతిగా కేన్ క్రీక్ రోడ్డు పక్కన ఉన్న అమాసా బ్యాక్ బాటల సముదాయంలో ఇది ఒకటి. షటిల్ వాహనం అవసరం లేదు. హైమాసా అనే, ఒక్క సైకిలు పట్టే వెడల్పున్న ఒంటిబాట మీదుగా వెయ్యి అడుగులకు పైగా సొంతంగా తొక్కి పైకి ఎక్కి, అక్కడినుంచి క్యాప్టెన్ ఎహాబ్ మీదుగా దిగి, మళ్ళీ కారు దగ్గరికే చేరుకుంటాము. చుట్టు మొత్తం పది మైళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది; కొత్తవారికి ఆగి చూసుకొనే సమయంతో కలిపి నాలుగు గంటలు పడుతుంది. దిగే దిశలో మాత్రమే అనుమతించిన బాట కనుక ఎదురుగా ఎవరో వస్తారన్న ఆందోళన ఉండదు, మలుపు అవతల ఏముందో అన్న దానిమీదే మనసు పెట్టవచ్చు.

మోయాబ్‌కు ఒక్క పూట కోసం వచ్చే మధ్యస్థాయి రైడర్లలో ఎక్కువమందికి నేను ఈ బాటనే సూచిస్తాను. దానికి మొదటి కారణం ఎక్కుడు. హైమాసా ఎక్కేటప్పుడు ఎదురయ్యే రాతి మెట్లు, దిగేటప్పుడు రాబోయే మెట్లకు తమ్ముళ్ళవంటివి. వాటిలో సగమైనా కాలు నేల ఆనకుండా ఎక్కగలిగితే దిగుడుకు సిద్ధంగా ఉన్నామని అర్థం. ప్రతి మెట్టు దగ్గరా దిగి సైకిలును తోసుకుంటూ వెళ్ళవలసి వస్తే, ఆ సంగతి కూడా దిగుడు మొదలుకాకముందే, వెలుగు ఉండగానే, ఒంట్లో ఓపిక ఉండగానే తెలుస్తుంది. అప్పుడు పైదాకా వెళ్ళి కొలరాడో నది వంపును, దూరాన మంచుతో నిలిచిన లా సాల్ పర్వతాలను తనివితీరా చూసి, పక్కనే ఉన్న పాత జీపు దారి మీదుగా గౌరవంగా వెనక్కి రావచ్చు. షటిల్ ఎక్కి కొండమీద దిగినవారికి ఇటువంటి పరీక్ష గానీ, వెనుదిరిగే వీలు గానీ ఉండవు.

రెండో కారణం ఈ బాట కట్టిన తీరు. పాత జీపు దారులు వాహనాల కోసం పడ్డవి. సైకిలు వాటిని అరువు తెచ్చుకుంది. ఎహాబ్ సైకిలు కోసమే రాతిని చదివి, ఒక మెట్టు నుంచి ఇంకొక మెట్టుకు చక్రం ఎక్కడ పడాలో ఆలోచించి వేసిన బాట. అందుకే గట్టిగా ఉన్నా అన్యాయంగా ఉండదు: ఒక దిమ్మ దిగగానే వేగాన్ని సర్దుకోవడానికి కాస్త చోటు, వంపు తిరగగానే కొద్దిపాటి ఎక్కుడు, ఆ తరువాత బల్లపరుపు రాతి మీద ఊపిరి తీసుకొనే కొన్ని గజాలు, మళ్ళీ మెట్లు. దిగుడు మొత్తం నాలుగు మైళ్ళకు కాస్త ఎక్కువ. కష్టమైన చోట్లన్నీ చేతులు తాజాగా ఉన్న తొలి గంటలోనే వస్తాయి. కేన్ క్రీక్ లోయ అంచున సాగే కొన్ని చోట్ల ఎడమకో కుడికో పడితే నిలబడే ఆధారం ఉండదు కనుక అక్కడ దిగి నడవడానికి ఎవరూ సంకోచించకూడదు. బాగా తొక్కేవారు కూడా నడవడం నేను చూశాను.

కష్టమైన బాటలకు వేసే నల్ల వజ్రం గుర్తు ఉన్న బాట ఇది అన్న సంగతి మరచిపోరాదు. నీలం బాటల మీద కనీసం ఒక ఏడాది తిరిగినవారికి తప్ప దీనిని సూచించను.

పోర్క్యుపైన్ రిమ్, హోల్ ఎంచిలాడా

మోయాబ్ పరిసరాల జీపు దారులలో చాలావరకు 1950ల నాటి యురేనియం వేట వల్ల పుట్టినవి. 1952లో చార్లీ స్టీన్ పెద్ద యురేనియం నిక్షేపాన్ని కనుగొన్న తరువాత జనం ఆ రాళ్ళలోకి విరగబడి వచ్చారు. ఆ గనుల కాలం ముగిసి ఊరు చిన్నబోయిన రోజులలో, 1983లో, గ్రాఫ్ సోదరులు రిమ్ సైక్లరీ అనే సైకిలు దుకాణం తెరిచారు. సైకిలింగు ఊరికి కొత్త బతుకునిచ్చింది. ఆ చరిత్రకు పోర్క్యుపైన్ రిమ్ ముఖచిత్రం వంటిది.

శాండ్ ఫ్లాట్స్ రోడ్డు మీది మొదలు నుంచి తొక్కితే ఇది సుమారు 14 మైళ్ళు. తొలి మూడు నాలుగు మైళ్ళు ఎక్కాలి. ఆ తరువాత ఒక్కసారిగా నేల ముగిసి, కాసిల్ వ్యాలీ అనే విశాలమైన లోయ కాళ్ళ కింద పరుచుకుంటుంది. దాని అవతలి అంచున ఒంటరిగా నిలబడ్డ కాసిల్టన్ టవర్ అనే ఎర్రరాతి స్తంభం, వెనుక లా సాల్ పర్వతాలు. మోయాబ్‌లో ఇంతకు మించిన చూపు నాకు తెలియదు. అక్కడి నుంచి పాత జీపు దారిలోని విరిగిన రాతి మెట్ల మీదుగా మైళ్ళ తరబడి దిగి, చివరి కొద్ది మైళ్ళలో సింగిల్‌ట్రాక్ అనే ఒంటిబాటలో పడతాము. ఈ చివరి ఒంటిబాట ఒక పక్కన కొలరాడో నది లోయ అంచును పట్టుకొని సాగుతుంది. బాట మొత్తానికి అన్నిటికంటె కష్టమైన చోట్లు, అన్నిటికంటె ప్రమాదకరమైన అంచు, ఇక్కడే ఉన్నాయి.

హోల్ ఎంచిలాడా మొదలయ్యేది 11,000 అడుగులకు పైన ఉన్న బర్రో పాస్ అనే కనుమ దగ్గర. ముగిసేది సుమారు 4,000 అడుగుల ఎత్తున నది ఒడ్డున. ఏడువేల అడుగుల ఈ దిగుడులో ఫర్ చెట్ల అడవి, ఆస్పెన్ చెట్ల తోపులు, పొట్టి సింధూర (ఓక్) పొదలు, చివరికి బోడి ఎర్రరాయి వరసగా దాటతాము. ఒకే పూటలో మూడు కాలాలు దాటినట్టుంటుంది. పొడవు 25 మైళ్ళకు పైమాటే. షటిల్ దింపిన చోటినుంచి పాస్ దాకా ముందు కొంత ఎక్కాలి. డాలస్, హ్యూస్టన్ వంటి పల్లపు ఊళ్ళ నుంచి వచ్చినవారికి ఆ ఎత్తులో ఆ కొద్ది ఎక్కుడే ఊపిరి ఆడనివ్వదు. బర్రో పాస్ మీద మంచు కరిగి దారి తెరుచుకొనేది సాధారణంగా జులై ప్రాంతంలో, మళ్ళీ మూసుకొనేది అక్టోబరులో. మిగిలిన నెలలలో మంచును బట్టి షటిల్‌వారు కిందనున్న హజార్డ్ కౌంటీ అనే బాట దగ్గరో, ఎగువ పోర్క్యుపైన్ ఒంటిబాట దగ్గరో దింపుతారు.

ఈ బాటను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నేను తొక్కిన వాటిలో మరచిపోలేనిది ఇదే. అయితే దాని క్రమం మధ్యస్థాయి రైడరుకు అనుకూలమైనది కాదు. నాలుగు గంటలపాటు సైకిలు మీద నిలబడి, బ్రేకు పట్టి, వదిలి, వేల మెట్ల అదురును చేతులతో భరించిన తరువాత, నీళ్ళు అడుగంటిన సమయంలో, అన్నిటికంటె కష్టమైన ఒంటిబాట ఎదురవుతుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడికి చేరేసరికి ముంజేతులు బిగుసుకుపోయి, బ్రేకు మీద వేలు ఎంత బలంగా నొక్కుతోందో తెలియని స్థితి వచ్చింది. ముందురోజు నవ్వుతూ దిగిన మెట్టులాంటిదాని దగ్గరే ఆగిపోయి, మిగిలిన దూరంలో సగం సైకిలును పట్టుకొని నడిచాను. పక్కన నది లోయ అంత అందంగా ఉన్నా తలెత్తి చూడలేకపోయాను. ఆ నడక నాకు ఈనాటికీ బాధగానే ఉంది. మరొకరికి అది కలగకూడదన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. నల్ల వజ్రం బాటలు ఇప్పటికే అలవాటై, వరసగా అయిదారు గంటలు తొక్కే ఓపిక ఉండి, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య లోపల వెళ్ళగలిగినవారు బర్రో పాస్ నుంచే మొదలుపెట్టాలి. ఆస్పెన్ ఆకులు బంగారు రంగుకు తిరిగే రోజులవి, కింద ఎండ కూడా తగ్గి ఉంటుంది. మెట్లు అలవాటున్నా అంత ఓపిక లేనివారు షటిల్‌ను కిందివరకే తీసుకొని, కాసిల్ వ్యాలీ అంచున సాగే దిగువ పోర్క్యుపైన్ ఒంటిబాట నుంచి దిగితే దృశ్యం ఏమీ తగ్గదు, చేతులు మాత్రం మిగులుతాయి. మొదటిసారి వచ్చినవారు ఎహాబ్‌ను ఎంచుకొని, అది సులువుగా సాగితే మరుసటి ప్రయాణానికి పోర్క్యుపైన్‌ను దాచుకోవాలి.

పోర్టల్ అనే నాలుగో బాట పేరు కూడా అక్కడ వినిపిస్తుంది. దానిమీద సైకిలు నుంచి లోయలో పడి మరణించినవారున్నారు, దిగి నడవమని హెచ్చరించే బోర్డులు ఉన్నాయి. ఈ వ్యాసం ఎవరికోసమో వారెవరూ దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

సైకిలు, నీళ్ళు, కాలం

మూడు బాటలకూ అద్దె సైకిలు దొరుకుతుంది. ఎహాబ్, పోర్క్యుపైన్‌లకు ముందూ వెనుకా సస్పెన్షన్ ఉన్నది, సీటును మీట నొక్కి దించుకొనే వీలున్నది తీసుకోవాలి. స్లిక్‌రాక్‌కు ముందు సస్పెన్షన్ మాత్రమే ఉన్న సైకిలైనా సరిపోతుంది. మోకాలి తొడుగులు అదనంగా అడిగి తీసుకోవడం మంచిది.

మనదేశంలో సైకిలు నేర్చుకున్నవారు ఒక సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. మన సైకిళ్ళలో ముందు బ్రేకు కుడిచేతి మీటకు ఉండటం పరిపాటి, అమెరికాలో అది ఎడమచేతి మీటకు ఉంటుంది. చదును రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలియదు గానీ, రాతి మెట్టు అంచున కంగారుపడిన క్షణంలో చెయ్యి చిన్ననాటి అలవాటునే అనుసరిస్తుంది. వెనుక బ్రేకు అనుకొని ముందు బ్రేకును బిగబట్టినవారు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు. సైకిలు అద్దెకు తీసుకొనేటప్పుడే మీటలను మార్చి ఇవ్వమని అడగవచ్చు, అది వీలుకాకపోతే పైన చెప్పిన అభ్యాసపు చుట్టులో చేతికి కొత్త అలవాటు నేర్పేదాకా ఏ దిగుడుకూ వెళ్ళకూడదు.

బాటలలో ఎక్కడా తాగే నీరు దొరకదు. ఎహాబ్‌కు మనిషికి మూడు లీటర్లు, పోర్క్యుపైన్‌కు అంతకంటె ఎక్కువ మోసుకువెళ్ళాలి. మార్చి మధ్య నుంచి మే దాకా, సెప్టెంబరు నుంచి అక్టోబరు చివరి దాకా మంచి కాలం. వేసవిలో ఊళ్ళో ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలే, రాయి ఆ వేడిని తిరిగి కక్కుతుంది. అప్పుడు వెళ్ళక తప్పకపోతే తెల్లవారకముందే మొదలుపెట్టి పది గంటలకల్లా నీడకు చేరాలి. బాట పక్కన నల్లగా, గరుకుగా పొక్కు కట్టినట్టు కనిపించే మట్టి నిజానికి సూక్ష్మజీవులు అల్లిన సజీవపు పొర. ఒక అడుగు పడితే అది మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, కాబట్టి ఫొటో కోసమైనా, ఎవరికైనా దారి ఇవ్వడానికైనా రాతి మీదే నిలబడాలి.

కుటుంబంతో వచ్చినవారికి చివరి తేడా ఒకటుంది. స్లిక్‌రాక్, ఎహాబ్ బాటలు మొదలైన చోటే ముగుస్తాయి, ఇంట్లోవారిని ఎక్కడికీ రమ్మనవలసిన పని లేదు. పోర్క్యుపైన్ మాత్రం నది పక్కన 128వ నంబరు రోడ్డు మీద ముగుస్తుంది. అక్కడినుంచి ఊరికి నది వెంబడి ఇంకా కొన్ని మైళ్ళు తొక్కాలి. లోయలో ఫోను సిగ్నలు అందకపోవచ్చు కనుక, ఎవరైనా కారులో వచ్చి ఎక్కించుకొనేటట్లయితే చోటునూ, వేళనూ ఉదయమే నిర్ణయించుకొని, ఆ వేళకు మరో రెండు గంటలు కలిపి ఇంట్లో చెప్పి బయలుదేరాలి.